అన్యాయం: ‘ఎవరికి?’ అని అడిగించే మాట

దాళ్వా (ఏడాదిలో రెండో పంట) పైరు పొట్ట దశలో ఉండగా కాలువలో నీరు తగ్గిన ఏడాది, గోదావరి డెల్టాలో కాలువల చివరనున్న శివారు గ్రామాల్లో రైతులు ఎండిన వరి దుబ్బులు చేతపట్టుకుని రోడ్డు మీదికి వస్తారు. ‘మాకు అన్యాయం జరిగింది’ అంటారు. నీటిపారుదల అధికారి వచ్చి, ‘వంతుల ప్రకారమే నీరు వదిలాం, ఎక్కడా అక్రమం జరగలేదు’ అని సమాధానం చెబుతారు. మర్నాడు పత్రికలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే అచ్చవుతాయి. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని చదివినవారు అనుకుంటారు.

ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. అక్రమం జరగకుండానే అన్యాయం జరగవచ్చు. అన్యాయం లేకుండా అక్రమమూ జరగవచ్చు. తప్పు, పాపం, నేరం, అధర్మం అనే మాటలను కూడా మనం ఇలాగే ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. కోపంలో ఉన్నప్పుడు అది సహజం. కానీ ఏ మాట వాడామన్న దాన్ని బట్టి ఎవరిని నిలదీస్తున్నాం, ఏం కోరుతున్నాం అన్నది మారిపోతుంది. అందుకే ఈ మాటలన్నిటిలో ఎక్కువగా వినిపించే ‘అన్యాయం’ లోపల ఏముందో విప్పి చూడటం అవసరం.

న్యాయానికి నాలుగు అర్థాలు, అన్యాయానికి ఒక్కటే

‘న్యాయం’ సంస్కృతం నుంచి వచ్చింది. పాణిని వ్యాకరణం ఈ శబ్దానికి చెప్పిన అర్థం ‘అభ్రేషం’. అంటే జారిపోకపోవడం, ఉచితమైన దారి నుంచి పక్కకు తొలగకపోవడం. దేవుడు, చట్టం, శిక్ష ఏవీ ఈ అర్థంలో లేవు. ఏది ఎక్కడ ఉండాలో అక్కడ ఉండటం, అంతే.

ఆ తరువాత మాట కొమ్మలు వేసింది. కోర్టు న్యాయస్థానం అయింది. తర్కానికి న్యాయశాస్త్రం అనే పేరు స్థిరపడింది. లోకంలో కనిపించే ఒక పోకడను పోలికగా చెప్పే వాడుక కూడా న్యాయమే అయింది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడటం స్థాలీపులాక న్యాయం. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకతాళీయ న్యాయం. పెద్ద చేప చిన్న చేపను మింగడం మాత్స్య న్యాయం. ఆకివీడు, ఉండి వైపు చేపల చెరువుల మధ్య పెరిగిన పిల్లవాడు బడిలో ఈ చివరి మాట మొదటిసారి విన్నప్పుడు, ‘అది న్యాయం ఎలా అవుతుంది?’ అని అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. అక్కడ న్యాయం అంటే ‘జరిగే తీరు’ మాత్రమే, ‘జరగవలసిన తీరు’ కాదు.

విశేషం ఏమిటంటే, ‘అన్యాయం’ ఈ కొమ్మలన్నిటికీ వ్యతిరేకపదం కాలేదు. తర్కం తప్పిన వాదాన్ని అన్యాయం అనం, అసంబద్ధం అంటాం. కోర్టు లేని ఊరిని అన్యాయపు ఊరు అనం. ‘జరగవలసిన తీరు’ అన్న ఒక్క అర్థానికే అది వ్యతిరేకంగా నిలిచింది.

వాక్యంలో ‘కు’ చేసే పని

ఈ మాట స్వభావం నిఘంటువులో కన్నా వాక్యంలో బాగా తెలుస్తుంది. కింది వాక్యాలను పైకి చదివి చూడండి.

‘వాడు నాకు అన్యాయం చేశాడు.’
‘వాడు నాకు నేరం చేశాడు.’
‘వాడు నాకు పాపం చేశాడు.’
‘వాడు నాకు అక్రమం చేశాడు.’

మొదటిది తెలుగు. మిగిలిన మూడూ చెవికి ఎక్కవు. ‘తప్పు’ను కూడా ‘నాకు తప్పు చేశాడు’ అనలేం, ‘నా పట్ల’ అని మార్చుకోవాలి. నేరం చట్టానికి ఎదురు నిలుస్తుంది. పాపం చేసినవాడికే అంటుకుంటుంది. అక్రమం ఒక క్రమాన్ని, ఒక వరుసను చెదరగొడుతుంది. ఈ మూడింటిలో బాధపడినవాడు వాక్యంలోకి రాకపోయినా అర్థం పూర్తవుతుంది. అన్యాయం అలా కాదు. ‘అన్యాయం జరిగింది’ అనగానే వినేవాడి నోటి నుంచి ‘ఎవరికి?’ అనే ప్రశ్న వస్తుంది. ద్రోహం, అపకారం అనే మాటలకు కూడా ఈ ‘కు’ పడుతుంది కానీ, ద్రోహానికి ముందు నమ్మకం ఉండాలి. ముక్కూ మొహం తెలియని వాడు ద్రోహం చేయలేడు. అన్యాయం చేయగలడు.

ఈ మాటలతో జతకట్టే క్రియలు కూడా ఇదే చెబుతాయి. పాపాన్ని మూటగట్టుకుంటాం. నేరాన్ని రుజువు చేస్తారు. తప్పును ఒప్పుకుంటాం, దిద్దుకుంటాం. అన్యాయానికి విరుగుడుగా మాత్రం అవతలివాడికి ‘న్యాయం చేయాలి’. గోదావరిలో మూడు మునకలు వేస్తే పాపం పోతుందని నమ్మే లక్షలాది మంది పుష్కరాలకు వస్తారు. వారిలో ఎవరైనా పొరుగువాడి చేలోకి గట్టు జరిపి ఉంటే, ఆ అన్యాయం కూడా మునకతో పోతుందని మాత్రం అనుకోరు. గట్టు వెనక్కి జరపాలి. అది వారికీ తెలుసు.

పక్కనే ఉన్న ‘ధర్మం’తో తేడా కూడా ఇక్కడే తేలుతుంది. ‘నాకు న్యాయం చేయండి’ అన్నవాడు తనకు రావలసింది అడుగుతున్నాడు. ‘ధర్మం చేయండి బాబూ’ అన్నవాడు అవతలివారి దయను అడుగుతున్నాడు. క్రియ ఒకటే, అడిగే మనిషి నిలబడిన తీరు వేరు. పెద్దమనుషుల ముందు ‘మీరే ధర్మం చెప్పండి’ అన్నప్పుడు ధర్మం మళ్లీ న్యాయానికి దగ్గరవుతుంది. లారీలు తూచే వేబ్రిడ్జిని ధర్మకాటా అన్నప్పుడు కూడా అంతే. అయినా కాటాలో తేడా వస్తే రైతు ‘అధర్మం’ అనడు, ‘అన్యాయం’ అంటాడు. తనకు జరిగింది కనుక.

శివారు చేలు: వంతు సమానం, నీరు సమానమా?

మొదట చెప్పిన రోడ్డు మీది వాదనకు ఇప్పుడు వద్దాం. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టతో ఈ డెల్టా సాగు రూపం మారింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా కాలువలు చీలి సముద్రం దాకా వెళ్లాయి. నీరు తగ్గే దాళ్వాలో వంతులు పెడతారు. లెక్క తేలికగా ఉండటానికి చిన్న ఉదాహరణ తీసుకుందాం.

ఒక తూము కింద అరవై ఎకరాలు ఉన్నాయనుకోండి. ఎగువ ముప్పై, దిగువ ముప్పై. ఆరు రోజుల నీరు వస్తే ఎగువకు మూడు రోజులు, దిగువకు మూడు రోజులు వంతు. కాగితం మీద సరిగ్గా సగం. కానీ ఎండిన బోదె (చేలకు నీరు తెచ్చే పిల్ల కాలువ) తడిసి, ఇంకవలసింది ఇంకి, నీరు దిగువ చేలకు చేరడానికి ఒక రోజు పడుతుంది. అంటే ఎగువకు మూడు రోజుల నీరు, దిగువకు రెండు రోజుల నీరు. నీరు వదిలే కాలువ ఉద్యోగి లస్కరు గడియారం ప్రకారం షట్టరు దించాడు, ఎత్తాడు. వరుస తప్పలేదు కాబట్టి అక్రమం లేదు. దిగువ రైతు చేను మాత్రం నెర్రెలు విచ్చింది.

నీటిని సమానం చేయాలంటే ఎగువకు రెండున్నర రోజులు, దిగువకు మూడున్నర రోజులు ఇవ్వాలి. ఎగువ రైతు వెంటనే అభ్యంతరం చెబుతాడు: ‘బోదెలో ఇంకిపోయే నీటికి నా వంతులో కోత ఎందుకు?’ ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. అతని పొలం ఎగువన ఉండటం అతని తప్పు కాదు. దిగువ రైతు జవాబు కూడా గట్టిదే: ‘నా పొలం దిగువన ఉండటం నా తప్పా? ఆయకట్టు అన్నప్పుడు అంతా ఒకటే అన్నారు. నీటి తీరువా ఎకరానికి ఒకటే కడుతున్నాం. దారిలో పోయే నీరు అందరి నష్టం కావాలి గాని, నా ఒక్కడిదీ ఎలా అవుతుంది?’

మూడో మాట చెప్పేవారూ ఉన్నారు. రోజులూ కాదు, పరిమాణమూ కాదు, పైరు అవసరం చూడాలంటారు. పొట్ట మీదున్న చేనుకు ముందు, ఇప్పుడే పిలకలు వేస్తున్న చేనుకు తరువాత. అయితే నాట్లు ఆలస్యంగా వేసినవాడు ఎప్పుడూ వెనకే ఉండిపోతాడు. శివారులో నాట్లు ఆలస్యం కావడానికి కారణం మళ్లీ నీరు ఆలస్యంగా రావడమే.

ఒకే అరవై ఎకరాల మీద న్యాయానికి మూడు కొలతలు ఉన్నాయి: ముందే ఒప్పుకున్న నియమం, చివరికి చేతికందిన ఫలితం, ఎవరికి ఎంత అవసరమో ఆ అవసరం. 1997లో వచ్చిన చట్టంతో ఏర్పడిన నీటి సంఘాల్లో జరిగే గొడవ చాలావరకు ఈ మూడు కొలతల మధ్య గొడవే. నా మటుకు, ఇంకిపోయే నీటిని అందరి ఖాతాలో వేయాలన్న దిగువ రైతు మాటే న్యాయానికి దగ్గరగా ఉందనిపిస్తుంది. కాలువ అందరిదీ అయినప్పుడు కాలువ నష్టం కూడా అందరిదీ కావాలి.

సార్వాలో, అంటే వానాకాలపు మొదటి పంటలో, ఇదే రైతుకు ఇంకో కష్టం. భారీ వర్షాలు పడితే ఎగువ చేల నీరంతా అతని చేలోకి దిగుతుంది. పూడిపోయిన మురుగు కాలువ దాన్ని సముద్రానికి చేర్చదు. నీరు పల్లమెరుగు అన్న సామెత అతనికి పుస్తకంలో మాట కాదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతోపాటు మురుగునీటి సమస్య కూడా వారి మాటల్లో వినిపించింది. ఎగువ రైతు ఎవరూ కావాలని నీరు తోయలేదు. తప్పు చేసినవాడు ఒక్కడూ కనిపించని చోట కూడా అన్యాయం ఉండవచ్చని అప్పుడు తేలింది.

కాటా దగ్గర మూడు సందర్భాలు

ఈ మాటల తేడా ధాన్యం అమ్మకం దగ్గర ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఒక రైతు 75 కిలోల బస్తాలు 40 తెచ్చాడనుకుందాం. మొత్తం 30 క్వింటాళ్లు. బస్తాకు 2 కిలోలు తరుగు తీస్తే 80 కిలోలు పోయాయి, అంటే ఒక బస్తా కన్నా ఎక్కువ. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన పోయింది దాదాపు 1,895 రూపాయలు.

కాటాలోనే తేడా పెట్టి ఆ 80 కిలోలు మింగితే అది మోసం, తూనికలు కొలతల చట్టం కింద నేరం కూడా. అన్యాయం అన్న మాట అక్కడ నిజమే కానీ చాలదు. ‘అన్యాయం’ అని ఊరుకుంటే నేరానికి వేయవలసిన కేసు వేయకుండా పోతుంది.

ధాన్యంలో తేమ 17 శాతం దాటిందని యంత్రం రైతు ముందే చూపించి, నియమంలో ఉన్న మేరకే తగ్గిస్తే అది నష్టం. బాధ కలుగుతుంది, అన్యాయం అనలేం.

ఇక మూడో సందర్భం. ఆకాశం మబ్బు పట్టింది, ధాన్యం కళ్లంలో రాశిగా ఉంది, కప్పడానికి బరకాలు చాలవు. ప్రైవేటు వ్యాపారి వచ్చి మద్దతు ధర కన్నా బాగా తక్కువ చెప్పాడు. రైతు ఒప్పుకున్నాడు. కాటా సరైనదే, చెప్పిన డబ్బు చెప్పినట్టు ఇచ్చాడు. ప్రైవేటు వ్యాపారి మద్దతు ధరకే కొనాలన్న చట్టబద్ధ నిర్బంధం లేదు కాబట్టి అక్రమమూ కాదు. ‘ఇద్దరూ ఒప్పుకున్నాక అన్యాయం ఎక్కడిది?’ అని వ్యాపారి అడుగుతాడు. లారీ బాడుగ, తడిస్తే వచ్చే నష్టం తన మీదే పడతాయని కూడా అంటాడు. రైతు పక్షాన మాట్లాడేవారు, కాదనగలిగే వీలున్నవాడి ఒప్పుకోలే ఒప్పుకోలు అంటారు. చట్టం కంటికి కనిపించని ఈ మూడో సందర్భానికే ‘అన్యాయం’ అనే మాట అసలు పుట్టిందేమో అనిపిస్తుంది. మిగిలిన రెండింటికీ వేరే పేర్లు ఉన్నాయి. దీనికి లేదు.

తుఫాను తెచ్చిన అన్యాయం, తుఫాను తరువాతి అన్యాయం

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుఫాను గురించి పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు ‘అన్యాయంగా కొట్టుకుపోయారు’, ‘అన్యాయమైపోయాం’ అంటారు. గాలికి నీతి లేదు, అవినీతీ లేదు. మరి ఇది మాటను దుర్వినియోగం చేయడమా?

కర్త లేనిచోట ఈ మాట వాడితే దాని పదును పోతుందని కొందరి అభిప్రాయం. అన్నీ అన్యాయాలే అయితే ఎవరినీ నిలదీయలేం. కానీ ఆ దుఃఖవాక్యంలో ‘మాకు రావలసింది ఇది కాదు’ అన్న భావం స్పష్టంగా ఉంది. పాణిని చెప్పిన పాత అర్థానికి అది దూరం కాదు. ఏదో దారి తప్పింది. ఎవరు తప్పించారో చెప్పలేకపోతున్నారు, అంతే. ‘అన్యాయం జరిగింది’ అనే వాక్యానికి ఉన్న వెసులుబాటు ఇదే, ప్రమాదం కూడా ఇదే. చేసినవాడు ఉన్నప్పుడు కూడా ‘జరిగింది’ అనేస్తే అతను వాక్యంలోంచి మెల్లగా తప్పుకుంటాడు.

గాలి ఆగిన తరువాత అదే మాట పూర్తి నైతిక అర్థంతో తిరిగి వస్తుంది. చేను మునిగింది కౌలు రైతుది. పెట్టుబడి, అప్పు అతనివి. పరిహారం మాత్రం భూమి ఎవరి పేర ఉంటే వారి ఖాతాలో పడిందంటే అతను ‘నాకు అన్యాయం జరిగింది’ అంటాడు. ఈసారి ఇది గాలి మీద ఫిర్యాదు కాదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు పదకొండు నెలల కార్డు ఇస్తుంది. అయితే యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానులు భయపడతారు. కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతున్నా, ఒక తరం కౌలు తగాదాలు చూసిన వారి భయాన్ని వట్టి సాకు అనడం కూడా సరికాదు. ఆ భయం ఖరీదు ఎవరు కడుతున్నారన్నది వేరే ప్రశ్న. మక్తా (కౌలు కింద ఇవ్వవలసిన) బస్తాలు ముందే ఒప్పుకుని, పంట పోయాక కూడా కొలిచి ఇచ్చే మనిషే కడుతున్నాడు.

‘ఆడపిల్లకు అన్యాయం’: మాట ముసుగైనప్పుడు

ఊళ్లలో ‘ఆ పిల్లకు అన్యాయం చేశాడు’ అని గొంతు తగ్గించి చెప్పే వాక్యానికి రెండు అర్థాలున్నాయి. పెళ్లి చేసుకుంటానని నమ్మించి వదిలేశాడు అని ఒకటి. బలాత్కారం చేశాడు అని ఇంకొకటి. ఇల్లు పరువు కాపాడుకోవాలన్న ఆలోచనతో ఈ మాట వాడతారు. కానీ రెండో అర్థంలో వాడినప్పుడు ఆ మెత్తదనం నేరస్థుడికే ఉపయోగపడుతుంది. డబ్బు ఇప్పించి ‘న్యాయం చేశాం’ అనే పంచాయతీలు అక్కడే మొదలవుతాయి. అత్యాచారం రాజీకి వీలున్న నేరం కాదు. ఏ పెద్దమనిషికీ దాన్ని సర్దుబాటు చేసే అధికారం లేదు.

(‘అత్యాచారం’ కూడా చిక్కు మాటే. హద్దు మీరిన దౌర్జన్యం దేనికైనా అది వర్తించేది. పత్రికల వాడుకలో ఒక్క లైంగిక నేరానికే కుదించుకుపోయింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పేరులో మాత్రం పాత విస్తృత అర్థమే ఉంది. కులం పేరుతో అవమానించడం, భూమి ఆక్రమించడం కూడా దాని పరిధిలోకి వస్తాయి. పేరు చదివి చాలామంది పొరబడతారు.)

మొదటి అర్థం విషయంలో ఈమధ్య పెద్ద మార్పు వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పేరులో న్యాయం ఉన్నంత మాత్రాన అన్ని అన్యాయాలూ దాని కిందికి రావు, నేరాలే వస్తాయి. కానీ దాని 69వ సెక్షను, నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి మాట ఇచ్చి లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని ప్రత్యేక నేరం చేసింది. పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఊరు ‘అన్యాయం’ అని ఊరుకున్నది నేరాల జాబితాలోకి వచ్చింది. విఫలమైన ప్రేమలన్నీ కేసులవుతాయని దీనిని విమర్శించేవారు ఉన్నారు. మొదటినుంచీ మోసపు ఉద్దేశంతో ఇచ్చిన మాట వేరు, ఇచ్చాక నిలబెట్టుకోలేకపోయిన మాట వేరు అని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. రుజువులో కష్టమంతా ఆ రెండింటి మధ్యే ఉంది.

ఎదురు దిశలోనూ ప్రయాణం జరిగింది. 2018లో సుప్రీంకోర్టు శిక్షాస్మృతిలోని 497వ సెక్షను కొట్టివేయడంతో వివాహేతర సంబంధం నేరం కాకుండా పోయింది. ‘అక్రమ సంబంధం’ అనే పాత శీర్షిక బదులు ‘వివాహేతర సంబంధం’ అని రాయడం అందుకే సరైనది. విడాకులకు మాత్రం అది ఇప్పటికీ కారణమే. భార్య అయినా, భర్త అయినా ‘నాకు అన్యాయం చేశావు’ అంటే ఆ వాక్యాన్ని ఏ తీర్పూ కొట్టివేయలేదు.

బరి దగ్గర ఎవరికి?

అన్యాయం ఎవరికైనా జరగాలి అనుకున్నాక, ఆ ‘ఎవరు’ మనుషులేనా అన్న ప్రశ్న మిగులుతుంది. పూర్వం జంతువును హింసిస్తే ‘పాపం తగులుతుంది’ అనేవారు. దోషం హింసించినవాడిది, జంతువు ఊసు లేదు. ఇప్పుడు ‘మూగజీవాలకు అన్యాయం’ అనే మాట వింటున్నాం. ఆ చిన్న ‘కు’తో జంతువుకు కూడా రావలసినదంటూ ఒకటి ఉందని ఒప్పుకున్నట్టయింది.

న్యాయస్థానాలు కూడా ఇక్కడ ఒకే మాట మీద లేవు. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువుల గౌరవాన్ని, హక్కులను గుర్తిస్తూ తీర్పు ఇచ్చింది. 2023లో అయిదుగురు సభ్యుల ధర్మాసనం, జంతువులకు ప్రాథమిక హక్కులు ఉన్నాయని చెప్పడానికి అంగీకరించలేదు. కోడిపందేల విషయంలో చట్టం స్పష్టమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పోరు పెట్టడం నేరం, 1974 నాటి రాష్ట్ర జూద చట్టం ప్రకారం పందెం కాయడమూ నేరం.

అయినా సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల బరులు లేస్తాయి. కాలికి కత్తి కట్టిన పుంజు నేలకొరిగితే చుట్టూ ఉన్నవారిలో ఎవరో ఒకరు ‘పాపం’ అంటారు. ఆ పాపం దోషం కాదు, జాలి. తెలుగులో ఒకే మాట రెండింటికీ సరిపోతుంది. పందెం ఓడినవాడు ‘కత్తి సరిగ్గా కట్టలేదు, నాకు అన్యాయం జరిగింది’ అని గొడవపడతాడు. జంతుసంరక్షణ కోరేవారు ‘పుంజుకు’ అంటారు. సార్వా డబ్బు మొత్తం బరిలో పోగొట్టుకుని చీకటిపడ్డాక ఇల్లు చేరిన మనిషితో భార్య, ‘నాకూ పిల్లలకూ అన్యాయం చేశావు’ అంటుంది.